వేరు కాపురం

పెళ్లి వీడియోలు, పాత సినిమాలు ఎవరి క్లౌడ్‌లోనో దాచుకుంటే నెలనెలా అద్దె తప్పదు. అందుకే చీరాలలో మా ఇంట్లో పాత కంప్యూటర్‌కి లినక్స్ ఎక్కించి, దాచిన వీడియోలను టీవీకి అందించే జెల్లీఫిన్ పెట్టాను. 2018లో ఎంబీ అనే మీడియా సర్వర్ తన కోడ్‌ను మూసేసుకుంటే, దాన్నుంచి చీలి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇప్పుడు ఇంటర్నెట్ పోయినా అమ్మ టీవీలో సినిమా ఆగదు.

ఇలా వేరుపడటం చీరాలకు కొత్త కాదు. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టబోమని, స్వాతంత్ర్యోద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఈ ఊరివాళ్లు ఇళ్లొదిలి ఊరవతల రామనగర్ కట్టుకున్నారు. నాది అంత త్యాగమేమీ కాదు. కానీ వేరుపడ్డాక బరువంతా మనదే: కరెంటు కోతలు, ఎండ వేడి, సముద్రపు ఉప్పుగాలి. ఒకే ఫైలును రెండు డిస్కుల్లోనూ రాసే రెయిడ్, ఒక డిస్కు చెడితే ఆదుకుంటుంది. పొరపాటున ఫైలు చెరిపితే రెండింట్లోనూ పోతుంది. అందుకే ఇంకో కాపీ చెల్లెలింట్లో ఉంచాను. సొంతమన్నాక కాపలా కూడా సొంతమే.