ఫాంటు లేకపోతే పుస్తకం లేదు

కంప్యూటర్ల గురించి తెలుగులో ఎవరు రాసినా హైటెక్ సిటీతోనో, అమెరికాలో ఉన్న మేనల్లుడితోనో మొదలుపెడతారు. నాకు మాత్రం కంప్యూటర్ అనగానే గుర్తొచ్చేది నంద్యాలలో డీటీపీ షాపు. మెట్ల కింద చిన్న గది, ఒక మానిటర్, ఒక లేజర్ ప్రింటర్, గోడనిండా పెండ్లిపత్రికల శాంపిళ్ళు, కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయినా పట్టించుకోకుండా టకటకా కొట్టే ఆపరేటర్. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా నా అభిప్రాయం మారలేదు: తెలుగుకు సంబంధించినంతవరకు కంప్యూటర్ చరిత్ర నడిచింది ఇలాంటి గదుల్లోనే. మంచీ అక్కడే జరిగింది, నష్టమూ అక్కడే.

మా నంద్యాలకు బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో పేరుంది. ఇక్కడ చదివే పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా ర్యామ్ అంటే ఏమిటో, ఒక కిలోబైటుకు ఎన్ని బైట్లో చెప్తారు. అదే పిల్లల్ని 'క' అనే అక్షరాన్ని కంప్యూటర్ ఎట్లా దాచుకుంటుందని అడగండి. పరీక్షలో రాదు కాబట్టి ఎవరూ చెప్పరు. నేను రాస్తున్నది ఆ రాని ప్రశ్న గురించే.

కంప్యూటర్‌కు అక్షరం తెలీదు, అంకెలే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది మనం ముందే ఒప్పుకోవాలి. ప్రపంచ భాషలన్నిటికీ కలిపి చేసుకున్న అలాంటి ఒప్పందమే యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. 3072 నుంచి 3199 వరకు గదులు మనవి. 'అ' 3077, 'క' 3093. ఫాంటు ఏదైనా, ఫోను ఏదైనా, దేశమేదైనా 3093 అంటే 'క'నే.

డీటీపీ షాపు ఫైలులో సంగతి వేరు. అను ఫాంట్ల వంటి పాత పద్ధతుల్లో తెలుగుకంటూ వేరే అంకెలు లేవు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు బొమ్మలు కూర్చుంటాయి. అది కూడా పూర్తి అక్షరాలుగా కాదు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఆపరేటర్ వాటిని పక్కపక్కన పేర్చి అక్షరం కడతాడు. తెర మీద చూస్తే ముత్యాల్లాంటి తెలుగు. ఆ ఫాంటు తీసేస్తే నెత్తిన టోపీలూ చుక్కలూ పెట్టుకున్న ఫ్రెంచి అక్షరాలు, పౌండు గుర్తులు, డిగ్రీ గుర్తులు. అంటే ఆ ఫైలులో ఉన్నది తెలుగు కాదు, తెలుగులా కనబడే ఏర్పాటు.

దీనికి డీటీపీ వాళ్ళను తిట్టేవాళ్ళను చూశాను. నాకది నచ్చదు. తొంభైల్లో విండోస్‌కు తెలుగు రాదు, పేజ్‌మేకర్‌కూ రాదు. ఉన్న గదుల్లోనే సర్దుకుని వేల పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు అచ్చువేయించిన పనితనం అది. ఒక విచిత్రం చూడండి. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. గౌతమి ఫాంటుతో తెలుగు తెలిసిన విండోస్ ఎక్స్‌పీ వచ్చిందీ 2001లోనే. ఒకటి ఆగిపోయిన ఏడే ఇంకొకటి మొదలైంది. షాపులు మాత్రం ఆగిపోయినదాన్నే పట్టుకున్నాయి. ఎందుకంటే ఎక్స్‌పీలో తెలుగు కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, ఒక టిక్కు పెట్టి, ఇన్‌స్టలేషన్ సీడీ వేయాలి. ఆ సీడీ ఎంతమంది దగ్గర ఉండేది? ఇన్‌డిజైన్‌కు భారతీయ లిపులు సరిగ్గా పట్టుబడింది 2012 నాటి సీఎస్6తో. ఫాంట్లదీ అదే కథ. దేశికాచారి గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు ముందే ఉన్నా, సిలికానాంధ్ర ద్వారా మండలి, సూరన్న, పెద్దన, రామభద్ర వంటివి ఉచితంగా దొరకడం మొదలైంది తర్వాతి దశాబ్దంలో. అప్పటిదాకా పెండ్లిపత్రిక మీద వేసుకోదగ్గ అందమైన తెలుగు కావాలంటే పాత ఫాంట్లే గతి.

మొన్నామధ్య ఒక షాపులో యూనికోడ్ మాట ఎత్తితే ఆ తమ్ముడు తల కూడా తిప్పకుండా అన్నాడు: "న్నా, నువ్వు చెప్పేది బాగనే ఉంది గానీ, ఈ పొద్దు సాయంత్రానికి మూడు పత్రికలు ఇయ్యాల. కొత్త కీబోర్డు నేర్చుకుంటా కూచుంటే అయ్యే పనేనా?" నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్ళు వేళ్ళకు అలవాటైన కీబోర్డును వదులుకొమ్మని చెప్పడానికి పేజీకి ఇంత అని సంపాదించుకునేవాడి ముందు నా నెలజీతం అడ్డొస్తుంది.

అయినా ఈ విషయాన్ని నేను వదలకపోవడానికి కారణం మా మేనమామ.

ఆయన ఆళ్ళగడ్డ దగ్గర తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాడు. కుందూ పరివాహకంలోని పల్లెల పేర్లు, వాటి వెనక కతలు, సామెతలు, జాతర్ల పాటలు ముప్ఫై ఏళ్ళు సేకరించి సొంత డబ్బుతో ఒక పుస్తకం వేశాడు. పంచినవి పంచగా ఇంట్లో రెండు ప్రతులు మిగిలాయి. తర్వాత రెండో ముద్రణ కోసం దిద్ది, ఇంకో అరవై పేజీలు కొత్తగా చేర్చి టైపు చేయించాడు. అది అచ్చు కాకముందే పోయాడు. చేతిరాత కాగితాలు షాపుకు ఇచ్చినవి ఇచ్చినట్టే పోయాయి. మిగిలింది ఒక సీడీ. షాపు మూతపడింది, ఆపరేటర్ ఊరు విడిచి వెళ్ళాడు. సీడీ తెరిస్తే పేజ్‌మేకర్ ఫైలు, దాని నిండా టోపీల ఫ్రెంచి అక్షరాలు. అదే పేరున్న ఫాంటు ఎక్కడో సంపాదించి వేస్తే వెర్షన్ తేడా. సగం వత్తులు ఒకచోట, సగం గుడులు ఒకచోట. నెట్‌లో దొరికే కన్వర్టర్లూ ఆ వెర్షన్‌ను పట్టుకోలేకపోయాయి.

నాకు ఒకటే దారి కనబడింది. మొదటి ముద్రణలోని పేజీలు ఈ ఫైలులోనూ ఉన్నాయి. అచ్చుపుస్తకం పక్కన పెట్టుకుని, ఏ అంకెకు ఏ ముక్కో ఒక పట్టిక రాసుకుంటూ పోవాలి. పట్టిక పూర్తయితే, అచ్చులో లేని అరవై పేజీలకూ అదే తాళంచెవి. ఆదివారాలు ఆళ్ళగడ్డకు పోయి, పైతాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసి, ఒక్కో ముక్కనూ గుర్తుపట్టాను. అచ్చు ప్రతి అత్త చేతిలో, ల్యాప్‌టాప్ నా ఒడిలో. అత్త పైకి చదువుతుంది, నేను తెర మీద సరిచూస్తాను. ఒకచోట నేను 'కుందు' అని దిద్దబోతే ఆపింది. "అట్ల గాదు నాయనా. మీ మామ ఎప్పుడూ దీర్ఘమిచ్చేవాడు. కుందూ." రెండు నెలలు పట్టింది. కొత్త అరవై పేజీలు చదువుతున్నప్పుడు మధ్యలో ఆమె లేచి నీళ్ళు తాగి రావడం రెండుసార్లు చూశాను. ఆ పేజీలు ఆమె అంతకుముందు చదవలేదు.

ఆ ఆదివారాల్లో నంద్యాల నుంచి సిరివెళ్ళ మీదుగా ఆళ్ళగడ్డకు వస్తూ రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు చూసేవాణ్ణి. ఆళ్ళగడ్డ శిల్పాలకు పేరున్న ఊరు. దేవుళ్ళ విగ్రహాలతో పాటు నల్లరాయి మీద శిలాఫలకాలూ చెక్కుతారు. ఫలకం మీది అక్షరాలు కూడా ముందు డీటీపీ షాపులో టైపయ్యే వస్తాయి. అక్కడ ఒక వత్తు తప్పయితే రాతిలోనూ తప్పే. రాయి అయితే నిలుస్తుంది, ఫైలు నిలవదు అనుకోవచ్చు. కానీ రాతిదీ ఇదే సమస్య. కడప జిల్లా కలమళ్ళలో సుమారు 575 నాటి శాసనం ఉంది, తెలుగు శాసనాల్లో అత్యంత పాతదని చెప్పేది. దాన్ని మీరూ నేనూ వెళ్ళి చదవలేం. రాయి ఆకారాన్నే దాచింది. ఏ ఆకారం ఏ అక్షరమో పోల్చుకుంటూ పండితులు పట్టిక కట్టారు కాబట్టి ఈరోజు మనకు అది తెలుగు. మామ సీడీకి పద్నాలుగు వందల ఏళ్ళు అక్కర్లేదు, పదేళ్ళకే శాసనమైంది.

యూనికోడ్ వస్తే కష్టాలన్నీ తీరాయనీ కాదు. 2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒక తెలుగు అక్షరం పంపిస్తే ఐఫోన్లు కుప్పకూలుతున్నాయని ప్రపంచమంతా వార్తలు. ఆ అక్షరం 'జ్ఞా'. జ, పొల్లు, ఞ, దీర్ఘం, వీటి మధ్యలో కంటికి కనబడని ఇంకో గుర్తు. మొత్తం ఐదు అంకెల వరుస. ఐఓఎస్ 11.2.5కు దాన్ని బొమ్మగా గీయడం చేతకాలేదు. కొద్దిరోజుల్లోనే 11.2.6తో సరిచేశారు. అప్పుడు మనవాళ్ళు తెలుగోడి దెబ్బ అని మీమ్‌లు వేసుకున్నారు. నాకు మాత్రం అది సంతోషపడే విషయంగా కనబడలేదు. కోట్లమంది రాసే లిపిని అమ్మకానికి ముందు ఎంత తక్కువగా పరీక్షించి ఉంటారో అది చెప్పింది. అయితే ఒక తేడా ఉంది. ఆ తప్పు ఒకచోట దిద్దితే లోకంలోని ఫోన్లన్నిటికీ దిద్దుబాటు అందింది. మామ ఫైలులాంటివాటిని ఒక్కొక్కటిగా దిద్దుకోవాల్సిందే.

ఆ కనబడని గుర్తుకు మన భాషలో రోజూ పనుంది. అది లేకపోతే 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అయిపోతుంది. పొల్లు తర్వాత వచ్చే అక్షరాన్ని వత్తుగా కిందికి తోసెయ్యకుండా ఆపేది అదే. ఇంగ్లీషు మాటలు ఇన్ని వాడే మనకు ఇది పొల్లంత ముఖ్యం. స్కూల్లో ఎవరూ చెప్పరు.

ఇక వాట్సాప్ భాష. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్ళను చూస్తే సాహిత్య మిత్రులకు బాధ. భాష చచ్చిపోతోందంటారు. నాకు ఆ భయం లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగును తెలుగు లిపిలోకి మార్చే పని చాలా పాతది. తొంభైల్లోనే రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు దానికొక పద్ధతి కట్టారు. తర్వాత లేఖిని ఆ దారిలోనే ఎంతోమంది చేత బ్లాగులు రాయించింది. ఇప్పుడు ఫోన్ కీబోర్డే ఆ పని చేస్తుంది. మా అత్త అయితే మైకు నొక్కి మాట్లాడుతుంది, అది తెలుగులో పడుతుంది. నన్ను భయపెట్టేది వాట్సాప్‌లోని వంకర తెలుగు కాదు, సీడీల్లో, పాత హార్డ్ డిస్కుల్లో నిద్రపోతున్న చక్కని తెలుగు. మొదటిదాన్ని యంత్రం ఎప్పుడైనా తెలుసుకుంటుంది. రెండోది ఫాంటుతో పాటే పోతుంది.

ఏఐకి తెలుగు సరిగ్గా రాదని నవ్వుకుంటున్నాం. అది చదవనిది దానికి ఎట్లా వస్తుంది? జిల్లా కవుల సంపుటాలు, కాలేజీ సంచికలు, స్థల చరిత్రలు, స్మారక సంచికలు, ఇవన్నీ దశాబ్దాల పాటు టైపయ్యాయి. టైపయినవి టైపయినట్టు యంత్రానికి అందితే ఈపాటికి నంద్యాల మాండలికం దానికి కొంతైనా తెలిసేది. మళ్ళీ స్కాన్ చేసి, మళ్ళీ అక్షరాలు గుర్తుపట్టించి, ఒకసారి చేసిన పనినే రెండోసారి చేస్తున్నాం.

ఇందులో నంద్యాలకు ఒక ముచ్చట ఉంది. 1991 నవంబరు ఉప ఎన్నికలో మా ఊరు పార్లమెంటుకు పంపిన పీవీ నరసింహారావు అరవై దాటాక కంప్యూటర్ నేర్చుకుని ప్రోగ్రామింగ్ దాకా వెళ్ళిన మనిషి. దేశంలో జనానికి ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చిన 1995 ఆగస్టు 15న ప్రధాని ఆయనే, నంద్యాల ఎంపీ ఆయనే. మా ఊళ్ళో ఆయన మెజారిటీ లెక్క చెప్పేవాళ్ళున్నారు గానీ ఈ సంగతి చెప్పేవాళ్ళు తక్కువ. అరవై దాటాక ఆయన ప్రోగ్రామింగ్ నేర్చుకోగా లేనిది, నలభై ఏళ్ళ ఆపరేటర్ కొత్త కీబోర్డు నేర్చుకోలేడని నేననుకోను. నేర్చుకునే నెలరోజులు అతని కూలి ఎవరిస్తారన్నదే ప్రశ్న. పుస్తకాలు వేయించుకునే మనమే ఇవ్వాలి.

కాబట్టి మీరు కవితా సంపుటి వేయించుకుంటుంటేనో, మీ తాతగారి జ్ఞాపకాలు టైపు చేయిస్తుంటేనో షాపులో ఒక్క మాట అడగండి: "దీన్ని యూనికోడ్‌లో కూడా ఇస్తారా? పేజీకి ఇంకో పది రూపాయలు ఎక్కువ తీసుకోండి." లేదంటే మీరే ఫోనులో టైపు చేసి పట్టుకెళ్ళండి, పేజీలు కట్టే పని వాళ్ళకు వదిలేయండి. ఇచ్చిన ఫైలును ఇంటికొచ్చి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. తెలుగు కనబడితే అది పుస్తకం. టోపీలు కనబడితే వెనక్కి తీసుకెళ్ళండి, ఆ షాపు ఇంకా తెరిచి ఉండగానే.