పందిరి మనది... కప్పు వాళ్లది!

2024 డిసెంబరు 31 రాత్రి. హైదరాబాద్‌ అంతా కేకులూ కొత్త సంవత్సరం హడావుడిలో ఉంది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంలో మాత్రం సంతోష్‌ ట్రోఫీ ఫుట్‌బాల్‌ ఫైనల్‌. బెంగాల్‌, కేరళ తలపడ్డాయి. తొంభై నిమిషాలైనా గోలు పడలేదు. ఇక అదనపు సమయమే అనుకుంటుండగా, ఇంజూరీ టైమ్‌లో రాబీ హన్స్‌దా బంతిని వలలోకి కొట్టేశాడు. 1-0. బెంగాల్‌కది 33వ కప్పు!

మరి మన జట్టో? ఆతిథ్యమిచ్చిన తెలంగాణ గ్రూపు దశలోనే ఆగిపోయింది. ఒకప్పుడైతే ఈ ఊళ్లో ఇలా జరిగేదా?

బషీర్‌బాగ్‌లోని లాల్‌బహదూర్‌ స్టేడియాన్ని పాతకాలం వాళ్లు ఇప్పటికీ ఫతే మైదాన్‌ అనే అంటారు. ఫతే అంటే విజయం. 1687లో గోల్కొండను గెలిచిన ఔరంగజేబు సేనలు విడిది చేసిన చోటట. ఫుట్‌బాల్‌లో ఈ ఊరి విజయాలూ తక్కువేం కాదు. సిటీ పోలీస్‌ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్‌ కప్పు పట్టుకొచ్చింది. 1956-57లో, ఆ మరుసటి ఏడాదీ సంతోష్‌ ట్రోఫీ హైదరాబాద్‌దే. వీటి వెనకున్నది బడిపంతులుగా పనిచేసిన సయ్యద్‌ అబ్దుల్‌ రహీం. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ రెండు జట్లలోనూ ఉన్న తులసీదాస్‌ బలరాం సికింద్రాబాద్‌ అమ్ముగూడ కుర్రాడు. తర్వాత కలకత్తా వెళ్లి ఈస్ట్‌ బెంగాల్‌కు ఆడి, ఆ వైపే స్థిరపడిపోయాడు. మంచి ఆటగాళ్లు అటే వెళ్లడం అప్పుడే మొదలైందన్నమాట!

మధ్యలో ఒక్కసారి ఆశ చిగురించింది. గచ్చిబౌలి సొంత మైదానంగా 2019లో పుట్టిన హైదరాబాద్‌ ఎఫ్‌సీ, 2022 మార్చి 20న గోవాలో కేరళనే ఓడించి ఇండియన్‌ సూపర్‌ లీగ్‌ గెలిచింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్‌ కట్టిమని మూడు బంతులు ఆపాడు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది.

నందికొట్కూరు, మిడుతూరు వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లు ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కితే అసెంబ్లీ స్టేషన్‌ దగ్గర్లోనే ఫతే మైదాన్‌. మళ్లీ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారితే రాయదుర్గం. అక్కణ్నుంచి గచ్చిబౌలికి ఆటో మాట్లాడుకోవాలి.