ఫిలిప్స్ వెళ్లిపోయిన ఊరు

నెదర్లాండ్స్‌లో ఉంటున్నానని చెప్పగానే, మాదాపూర్‌లో నాతో పనిచేసిన మిత్రులు ఆమ్‌స్టర్‌డామ్ కబుర్లు మొదలుపెడతారు. కాలువలు, పడవలు, గాలిమరలు, తులిప్ తోటలు. మా ఐండ్‌హోవెన్‌లో వాటిలో చెప్పుకోదగ్గది ఏదీ లేదు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో దక్షిణానికి గంటా ఇరవై నిమిషాలు ప్రయాణం. దేశంలో ఐదో పెద్ద నగరమే గానీ, ఉత్తర బ్రబాంట్ అనే ఈ ప్రావిన్సుకు రాజధాని కూడా కాదు. ఆ మర్యాద డెన్ బాస్‌కు దక్కింది. పైగా ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లకు బ్రబాంట్ యాస వింటే నవ్వు. తెలంగాణ మాటను సినిమాల్లో రౌడీలకూ హాస్యగాళ్లకూ మాత్రమే ఇచ్చిన కాలం చూసినవాణ్ని కనుక ఆ నవ్వు నాకు వెంటనే అర్థమైంది.

సముద్రాన్ని వెనక్కి నెట్టి పొలాలు చేసుకున్న దేశమని బళ్లో చదువుకున్న పాఠం కూడా ఇక్కడికి వర్తించదు. ఇది సముద్రమట్టానికి పదిహేను మీటర్లకు పైన ఉన్న ఇసుక నేల. డొమ్మెల్ అనే చిన్న ఏరు ఊరి మధ్యలోంచి పోతుంది. 1232లో బ్రబాంట్ డ్యూక్ మొదటి హెండ్రిక్ దీనికి పట్టణ హోదా, సంత జరుపుకునే హక్కు ఇచ్చాడు. అక్కణ్నుంచి ఆరున్నర శతాబ్దాలను ఒక్క ముక్కలో దాటేస్తున్నాను, ఇక్కడి చరిత్రకారులు క్షమించాలి. ఇసుకలో పంట సరిగా పండలేదు, జనం బట్టలు నేశారు, చుట్టలు చుట్టారు. ఆ పేదరికం ఎలాంటిదో చూడాలంటే పక్కనే ఉన్న న్యూనెన్‌లో వాన్ గోహ్ 1885లో గీసిన ‘బంగాళాదుంపలు తినేవాళ్లు’ చూడాలి. అందులోని చేతులూ ముఖాలూ ఈ చుట్టుపక్కల రైతులవే.

ఆ బొమ్మ గీసిన ఆరేళ్లకు, 1891లో, హెరార్డ్ ఫిలిప్స్ అనే ఇంజినీరు తండ్రి పెట్టుబడితో ఇక్కడ కరెంటు బల్బుల కంపెనీ పెట్టాడు. ఎమ్మాసింగెల్ వీధిలో ఖాళీగా ఉన్న బట్టల మిల్లు చవకగా దొరికింది, కూలి కూడా చవకే. ఈ ఊరు ఎంచుకోవడం వెనక అంతకుమించిన మర్మమేమీ లేదు. తమ్ముడు అంటోన్ 1895లో వచ్చి చేరాక అమ్మకం ఊపందుకుంది. బల్బులో తీగ అమర్చడానికి వేళ్లు చురుగ్గా కదిలే ఆడపిల్లలు కావాలి. చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నవాళ్లు చాలకపోయేసరికి ఉత్తరాన ఉన్న డ్రెంటె ప్రాంతం మీద పడ్డారు. కూతుళ్లు ఎక్కువమంది ఉన్న కుటుంబాలను చూసి, ఇళ్లు కట్టించి మరీ తీసుకొచ్చారు. వాళ్ల పేటను ఇప్పటికీ డ్రెంట్స్ డోర్ప్ అనే పిలుస్తారు. కట్నాల భయంతో ఆడపిల్లల్ని లెక్కపెట్టుకునే చోట పుట్టినవాణ్ని, నలుగురైదుగురు కూతుళ్లుండటమే అర్హతగా ఉద్యోగమూ ఇల్లూ ఇచ్చిన కంపెనీ గురించి చదివినప్పుడు కాసేపు పుస్తకం పక్కన పెట్టాను.

కంపెనీ కాలనీలు కట్టింది, బళ్లు పెట్టింది, 1913లో పీఎస్‌వీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టింది. ఫ్యాక్టరీలు మాత్రం ఊళ్లో పట్టక చుట్టూ ఉన్న పల్లెల్లోకి పాకాయి. చివరికి 1920 జనవరి 1న వూన్సెల్, టోంగెల్రే, స్ట్రాటుమ్, గెస్టెల్, స్ట్రైప్ అనే ఐదు గ్రామాలను ఐండ్‌హోవెన్‌లో కలిపేశారు. ఆరేడు వేల జనాభా ఉన్న పట్టణం ఒక్క రాత్రిలో నలభై వేలు దాటింది. ఏది దేన్ని మింగిందో చెప్పడం కష్టం, ఎందుకంటే వూన్సెల్ ఒక్కటే ఐండ్‌హోవెన్ కంటే పెద్దది. మేం ఉండేది స్ట్రాటుమ్‌లో. మా వీధి ముసలివాళ్లు ఇప్పటికీ ‘సెంటర్‌కు వెళ్లొస్తా’ అనరు, ‘పట్నం పోయొస్తా’ అన్నట్టే మాట్లాడతారు.

ఇక హైటెక్ సిటీ ఉన్న మన శేరిలింగంపల్లి సంగతి. హైటెక్ సిటీని మనవాళ్లు ఏమీ లేని చోట మొలిచిన నగరంగా చెప్పుకుంటారు. ఆ మాట నాకు ఎప్పుడూ నచ్చదు. అక్కడి రాళ్లకు సుమారు 250 కోట్ల ఏళ్లు. దుర్గం చెరువు నీళ్లు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు వెళ్లేవి. రెవెన్యూ రికార్డులు తిరగేస్తే రాయదుర్గం పైగా, రాయదుర్గం పన్‌మక్తా, రాయదుర్గం నవ్‌ఖల్సా అని కనిపిస్తాయి. ఏ ముక్క పైగా నవాబులది, ఏది మక్తాకిచ్చింది, ఏది సర్కారుదో నిజాం కాలం లెక్క అంతా ఆ పేర్లలోనే ఉంది. ఖానామెట్, ఇజ్జత్‌నగర్, కొత్తగూడ, నానక్‌రాంగూడ, ఖాజాగూడ, గోపన్‌పల్లి, అన్నీ మనుషులున్న ఊళ్లే. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో వచ్చింది. శిల్పారామం, సైబర్ టవర్స్ కంటే ముందునుంచే ఉంది. 1998 నవంబర్ 22న వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి లేనివల్లా గాజు అద్దాలూ ఏసీలూ మాత్రమే.

హైటెక్ సిటీ అక్కడే ఎందుకు వచ్చిందంటే, జవాబు ఐండ్‌హోవెన్‌కు చెప్పిన జవాబు లాంటిదే. రాళ్ల నేల. నీళ్లు తక్కువ, సేద్యం తక్కువ, సర్కారు భూమి ఎక్కువ. ప్రభుత్వం తరఫున ఏపీఐఐసీ, ఎల్ అండ్ టీ కలిసి కట్టారు. 2001లో సుమారు 52 చదరపు కిలోమీటర్లకు సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడింది. 2003లో పోలీసు కమిషనరేట్‌కు సైబరాబాద్ అని పేరొచ్చింది. 2007 ఏప్రిల్ 16న శేరిలింగంపల్లి మున్సిపాలిటీ మరో పదకొండు మున్సిపాలిటీలతో, ఎనిమిది పంచాయతీలతో కలిసి జీహెచ్ఎంసీలో చేరిపోయింది. ఇక్కడ 1920లో జరిగిన పని అక్కడ 2007లో జరిగింది. తేడా ఏమిటంటే స్ట్రైప్‌కూ వూన్సెల్‌కూ చర్చి, సంత, పాత శ్మశానం, వీటి చుట్టూ ఊరు ఉండనిచ్చారు. మన దగ్గర గచ్చిబౌలి పాత ఊరు ఎక్కడని అడిగితే, రోజూ ఆ ఫ్లైఓవర్ మీదుగా వెళ్లే కుర్రాళ్లలో ఎంతమంది చూపించగలరు? బోనాలప్పుడు పోతరాజు కొరడా చప్పుడుకు ట్రాఫిక్ ఆగితే తప్ప, అక్కడొక ఊరుందని ఆఫీసు బస్సులకు తెలియదు.

రాళ్ల విషయంలో ఇంకా అన్యాయం చేశాం. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ ఆ బండల్ని కాపాడటానికి 1996లోనే సొసైటీ టు సేవ్ రాక్స్ పుట్టింది. వాళ్లు కొన్నిటిని నిలబెట్టుకున్నారు, మిగతావి కంకరై అపార్ట్‌మెంట్ స్లాబుల్లోకి వెళ్లాయి. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను ఆపడానికి సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. ఐండ్‌హోవెన్ వాళ్లు తక్కువ తిన్నారని కాదు. ఖెండెర్ అనే వాగును ఒకప్పుడు భూమిలో పూడ్చేశారు. ఇప్పుడు అదే వాగును ఊరి నడిబొడ్డున కొంతమేర మళ్లీ పైకి తీసుకొచ్చారు. వాగునైతే తిరిగి తేవచ్చు. పేల్చేసిన బండను ఏ మున్సిపాలిటీ తిరిగి నిలబెడుతుంది?

మా నాన్న రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో టర్బైన్లు చేసి రిటైరైన మనిషి. నేను మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకరోజు భోజనాల దగ్గర అడిగాడు.

“మీ హైటెక్ సిటీల ఏం తయారైతదిరా?”

“సాఫ్ట్‌వేర్, నాన్నా.”

“అది ఎర్కే. రేపు ఆ అమెరికావోడు దుకాణం బంద్ జేస్తే మనకేం మిగుల్తదని అడుగుతున్న.”

అప్పుడు విసుక్కున్నాను. ఐండ్‌హోవెన్ ఆ ప్రశ్నను నిజంగానే ఎదుర్కొన్న ఊరని ఇక్కడికి వచ్చాక తెలిసింది.

ఈ ఊరిమీద బాంబులు కూడా ఫిలిప్స్ వల్లే పడ్డాయి. జర్మన్ ఆక్రమణలో ఉండగా 1942 డిసెంబర్ 6న ఆ ఫ్యాక్టరీల కోసం బ్రిటిష్ విమానాలు వచ్చాయి, వందమందికి పైగా మామూలు జనం చనిపోయారు. 1944 సెప్టెంబర్ 18న విముక్తి వస్తే, మర్నాడే జర్మన్ విమానాలు వచ్చి బాంబులు వేశాయి. పాత కట్టడాలు చూద్దామని వచ్చిన చుట్టాలు నిరాశపడటానికి కారణం ఇదే. యుద్ధం తర్వాత కంపెనీ ఊరిని మళ్లీ నిలబెట్టింది. రైల్వే స్టేషన్ కూడా ఫిలిప్స్ రేడియోలాగే కట్టారని జనం చెప్పుకుంటారు. అలాంటి కంపెనీ 1990లో నష్టాల్లో కూరుకుపోయింది. కొత్తగా వచ్చిన అధినేత యాన్ టిమ్మెర్ వేలకు వేల ఉద్యోగాలు తీసేశాడు. 1993లో ఊళ్లో మరో పెద్ద కంపెనీ, లారీలు చేసే డాఫ్, దివాలా తీసింది. ఆ దశాబ్దం ముగిసేలోపు ఫిలిప్స్ ప్రధాన కార్యాలయం మూటాముల్లె సర్దుకుని ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లిపోయింది. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, ఫిలిప్స్ పరిశోధనశాల నాట్‌లాబ్‌లో పనిచేసినవాడు. ఉద్యోగాలు పోయిన కోపం ఆయనకు ఎప్పుడో తీరిపోయింది. ఆఫీసు ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లిన కోపం మాత్రం ఇంకా తీరలేదు.

అయితే ఫిలిప్స్ తనతో పట్టుకెళ్లలేనివి కొన్ని ఉన్నాయి. అద్దాలు అరగదీసేవాళ్లు, మైక్రాన్ తేడా చేత్తో పసిగట్టే మెషినిస్టులు, వాళ్లకు విడిభాగాలు చేసిపెట్టే చిన్న చిన్న వర్క్‌షాపులు, 1956లో పెట్టిన సాంకేతిక విశ్వవిద్యాలయం. 1984లో ఫిలిప్స్, ఏఎస్ఎం అనే మరో కంపెనీతో కలిసి తనకు బరువనిపించిన ఒక ప్రాజెక్టును విడిగా నిలబెట్టింది. ఫిలిప్స్ భవనం పక్క షెడ్లలో మొదలైన ఆ కంపెనీయే ఏఎస్ఎంఎల్. ఇవాళ అత్యాధునిక చిప్‌లకు కావలసిన ఈయూవీ యంత్రాలు ప్రపంచంలో మరెవరూ చేయరు. ఆ కంపెనీ పక్కనున్న ఫెల్డ్‌హోవెన్‌లో ఉంది. ఐండ్‌హోవెన్ బస్సుల్లో తెలుగు వినిపిస్తోందంటే దాని పుణ్యమే.

నాన్న ప్రశ్నకు హైదరాబాద్ జవాబు కూడా అదే 1984లో ఉంది. కాకపోతే హైటెక్ సిటీలో కాదు, బాలానగర్ వైపు. సోవియట్ సాయంతో వచ్చిన ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీలో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి ఆ ఏడే డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఐడీపీఎల్ మూతబడింది, కానీ అక్కడ పని నేర్చుకున్నవాళ్లు ఊరంతా మందుల కంపెనీలు పెట్టారు. హైదరాబాద్‌కు మందుల నగరమన్న పేరు అలా వచ్చింది. చెకోస్లొవేకియా సాయంతో వచ్చిన బీహెచ్ఈఎల్, దాని టౌన్‌షిప్, క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, ఇవే మన ఫిలిప్స్ కాలనీలు. ఐండ్‌హోవెన్‌తో పోల్చవలసింది లింగంపల్లి నుంచి బాలానగర్ దాకా ఉన్న ఆ పాత పట్టీనే అని నా వాదన. హైటెక్ సిటీ ఇంకా ఆ పరీక్ష రాయలేదు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డప్పుడు రుచి చూసింది గానీ, మరో కంపెనీ కొనేసింది కనుక గట్టెక్కింది.

అక్కడున్న కంపెనీల్లో చాలావాటికి భవనం కూడా సొంతం కాదు, అద్దె. లీజు అయిపోతే పక్క భవనంలోకి, రేటు నచ్చకపోతే పక్క ఊరికి. సైబర్ టవర్స్ నుంచి మైండ్‌స్పేస్‌కు, అక్కణ్నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు, ఇప్పుడు కోకాపేటకు కార్యాలయాలు జరుగుతూనే ఉన్నాయి. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి పలికింది. ఇక్కడేమో 2024 మార్చిలో, ఏఎస్ఎంఎల్ తన విస్తరణ వేరే దేశంలో చేసుకుంటుందేమోనని భయపడి డచ్ ప్రభుత్వం, స్థానిక సంస్థలతో కలిసి, ఐండ్‌హోవెన్ ప్రాంతానికి 250 కోట్ల యూరోలు ప్రకటించింది. ఇళ్లకు, రైళ్లకు, సాంకేతిక విద్యకు. ఒక కంపెనీ కోసం సర్కారు ఇంతగా దిగిరావడం నాకు నచ్చలేదు, మా పెద్దాయనకూ నచ్చలేదు. కానీ ఆ డబ్బు దేనికి పోతోందో చూస్తే వాళ్లు దేన్ని పోగొట్టుకోకూడదనుకుంటున్నారో తెలుస్తుంది. భూమి ధర వాళ్ల లెక్కలో లేదు.

మొన్న సెలవులకు హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక మిత్రుణ్ని పట్టుకుని నాన్నను రాయదుర్గంలోని టీ-వర్క్స్‌కు తీసుకెళ్లాను. నమూనా వస్తువులు తయారుచేసుకోవడానికి ప్రభుత్వం 2023లో తెరిచిన వర్క్‌షాప్ అది. గాజు మేడల మధ్య లోహం కోసే వాసన రాగానే నాన్న నడక మారింది. ఒక కంప్యూటర్ మిల్లింగ్ మెషీన్ దగ్గర ఆగిపోయి, దాన్ని నడిపే కుర్రాణ్ని స్పిండిల్ స్పీడెంత, టాలరెన్స్ ఎంత అని ఆపకుండా అడిగాడు. కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు.

“ఈ మెషీన్ ఎక్కడిది బిడ్డా?”

“బయటి దేశంనుంచి తెప్పించిన్రు అంకుల్.”

“అసుంటిది ఈడ చేసేటోళ్లు లేరా?”

“నాకు తెల్వది అంకుల్. లేరనుకుంట.”

“బాలానగర్ల ఎవరన్న అడిగిన్రా?”