పదిహేడో ఎక్కం

మొన్న కనుమ నాడు మా చెల్లెలి కొత్తల్లుడి మీద నేను కేకలేశాను. మా గోదావరి జిల్లాల్లో కొత్తల్లుడి మీద అత్త వరస మనిషి గొంతు పెంచడం ఎంత అప్రతిష్ఠో మీకు వేరే చెప్పక్కర్లేదు. "ఇంకొక్క బూరె వేసుకోండి అల్లుడు గారూ" అని బతిమాలాల్సిన చోట, "ముందు బయటికి రా!" అని ఏకవచనంలో అరిచాను. పెరట్లో గారెలు వేస్తున్న మా చెల్లి చట్రంతో సహా పరిగెత్తుకొచ్చింది.

జరిగిందేమిటంటే, ఆ అబ్బాయి హైదరాబాద్ నుంచి కారేసుకుని వచ్చాడు. ఊళ్లోకి తిరిగే మలుపులో గతుకులో పడి బండి కింద ఏదో తగిలింది. అప్పట్నుంచీ గీరుకుంటున్న చప్పుడు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఇక మెకానిక్కు ఎక్కడ దొరుకుతాడు? తనే చూద్దామనుకున్నాడు. డిక్కీలోంచి జాకీ తీసి ముందు భాగం ఎత్తాడు. ప్రహరీ కట్టగా మిగిలిన ఇటుకలు నాలుగు పేర్చి, దాని కిందకి దూరాడు. నేను అరుగు మీంచి చూసేసరికి బయట రెండు కాళ్లే కనబడుతున్నాయి.

నా కేకకి బయటికొచ్చి, "ఏమైందండీ పెద్దత్తయ్య గారూ, పామేమైనా కనబడిందా?" అన్నాడు పాపం. "పాము కాదు బాబూ, ఇటుకలు" అని లోపలికెళ్లిపోయాను. చేతులు వణుకుతున్నాయి. ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయింది ఇప్పుడు చెబుతాను.

మా నాన్న పాలకొల్లులో అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. పెళ్లిళ్లకీ, అన్నవరానికీ, ద్వారకా తిరుమలకీ బాడుగలు. అంతర్వేది తీర్థానికైతే నర్సాపురం రేవులో పంటు మీద కారెక్కించి సఖినేటిపల్లిలో దించేవారు. ఆ ఉప్పుగాలికీ ఇసుకకీ బండి అడుగు తుప్పు పట్టేస్తుందని, తిరిగొచ్చిన మర్నాడే నాన్న ఇంటి ముందు కారెత్తి, కిందకి దూరి కడిగి, గ్రీజు పెట్టేవాడు.

ఆ పని మొదలెట్టే ముందు "అమ్మలూ!" అని నన్ను పిలిచేవాడు. నేను పీట తెచ్చుకుని నాన్న కాళ్ల దగ్గర కూర్చోవాలి. "పదిహేడో ఎక్కం చెప్పు" అనేవాడు. నేను మొదలెట్టేదాన్ని. పదిహేడేడులు నూట పందొమ్మిది దాకా బాగానే వచ్చేది. పదిహేడెనిమిదుల దగ్గర కచ్చితంగా ఆగిపోయేదాన్ని. బండి కిందనుంచి "నూట ముప్పయ్యారు" అని నాన్న గొంతు వచ్చేది. మళ్లీ మొదటికి. బయట పిల్లలందరూ కోతికొమ్మచ్చి ఆడుకుంటుంటే నాకీ ఎక్కాల జైలేమిటని ఏడుపొచ్చేది.

ఒక మాట మాత్రం ప్రతిసారీ చెప్పేవాడు. "నువ్వు ఆగినప్పుడు నేను అందించకపోతే, లోపలికి తొంగి చూడు. పలక్కపోతే గట్టిగా కేకెయ్యి. నువ్వు మాత్రం బండి కిందకి రాకు."

నాకు లెక్కలు నేర్పిస్తున్నాడనుకున్నాను. పెళ్లయి, పిల్లలు పుట్టాక ఒకసారి అడిగితే చెప్పాడు అసలు సంగతి. నేను పుట్టకముందు నాన్న స్నేహితుడొకాయన, లారీ క్లీనరు, ఇటుకల మీద నిలబెట్టిన బండి కింద పోయాడట. పది గజాల దూరంలో నలుగురు టీ తాగుతున్నారట. ఎవరికీ కేక వినపడలేదు. "ఎందుకు వినపడుద్దమ్మా? గుండెల మీద బరువు పడ్డాక ఊపిరే అందదు. ఊపిరందనోడు కేకెలా ఏస్తాడు?" అన్నాడు నాన్న. అందుకే, కింద మనిషి కేకేస్తాడని పైవాళ్లు ఎదురుచూడకూడదు. మాట ఆగిపోవడమే కేక అనుకోవాలి. నేను చదివింది ఎక్కాలు కాదు, కాపలా.

నాన్నకి రెండు తుమ్మ దిమ్మలుండేవి. ఒక్కోటి పదంగుళాల ఎత్తు, పీటంత వెడల్పు. బండి చక్రాలకి వాడే నల్లతుమ్మ చేవ అది. మనకి చవగ్గా దొరికేవి కొబ్బరి దుంగలూ ఇటుకలే కదా అంటే ఒప్పుకునేవాడు కాదు. కొబ్బరి మాను చుట్టూ గట్టి, లోపల మెత్తన. ఇటుక గోడలో ఉంటే పక్కవాటితో కలిసి మేడ మోస్తుంది. ఒంటరిగా పెట్టి ఒక్కచోట ఇనప అంచు ఆనిస్తే, చెప్పా పెట్టకుండా రెండు ముక్కలవుతుంది. సిమెంటు బెళ్లలూ అంతే. కర్ర అయితే ముందు మూలుగుతుంది, నలుగుతుంది, మనకి కాస్త టైమిస్తుంది. "జాకీ ఎత్తుద్దమ్మా, మొయ్యదు. మొయ్యాల్సింది దిమ్మే" అనేవాడు.

నాన్న పోయాక ఆ దిమ్మలు నాతో రావులపాలెం దగ్గర మా అత్తారింటికొచ్చాయి. ఒకటి నీళ్ల డ్రమ్ము కిందకి చేరింది. రెండోది తులసికోట పక్కన, నేను వత్తులు చేసుకోవడానికి కూర్చునే ఆసనం.

ఇక 2020. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. మా వారు రిటైరై అప్పటికి ఏడాది. ఊళ్లో షెడ్లన్నీ మూతబడ్డాయి. ఈయన రోజంతా యూట్యూబులో కారు రిపేర్ల వీడియోలు చూస్తూ కూర్చునేవారు. మొదట ఎయిర్ ఫిల్టరు దులిపారు. తర్వాత ఇంజనాయిలు మార్చారు. ఒక్కోటీ విజయవంతం అయ్యేకొద్దీ ధైర్యం పెరిగింది. ఆగస్టులో ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడొస్తోందని చక్రం విప్పి చూస్తానన్నారు.

అప్పటికి వారం రోజులుగా ముసురు. మా వాకిలి గురించి చెప్పాలి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఈ నేలకి నీటి కరువు తీరింది. మూడు పక్కలా కాలువలూ, చేలూ, చెరువులూ. వానాకాలం నాలుగడుగులు తవ్వితే నీళ్లూరతాయి. అన్నం పెట్టే ఆ ఒండ్రు నేలే, బరువు పెడితే వెన్నలా దిగిపోతుంది. పైన ఎండకి ఆరి గట్టిగా కనబడుతుంది, లోపల జావ. కారుతో వచ్చే జాకీ అడుగు ఎంతుంటుంది? అరచేయంత. చిన్న కారైనా ఏడెనిమిది వందల కిలోలు. మన లెక్కలో చెప్పాలంటే, డెబ్బై అయిదు కిలోల ధాన్యం బస్తాలు పది. ఒక మూల ఎత్తితే అందులో రెండు మూడు బస్తాలైనా ఆ అరచెయ్యి మీదే ఉంటాయి.

మా వారు జాకీ పెట్టి ఎత్తారు, చక్రం విప్పారు. కిందకి వెళ్లబోతుంటే నేను అడ్డం పడ్డాను. "ఏవండీ, దిమ్మ పెట్టకుండా వెళ్లడానికి వీల్లేదు" అని డ్రమ్ములో నీళ్లు పారబోసి మరీ దిమ్మ లాక్కొచ్చాను. "మీ నాన్న అంబాసిడర్ రోజులు కావే ఇవి" అని నవ్వారు. నన్ను వదిలించుకోవడానికే, జాకీ పక్కన కారు అంచు కింద దాన్ని తోశారు. అంచుకీ దిమ్మకీ మధ్య రెండంగుళాల సందుంది. నేను పీట వేసుకుని కూర్చున్నాను.

కూర్చున్నదాన్ని కూర్చున్నట్టుంటే ఇంత బాధ లేకపోను. లోపల ఫోను మోగింది. మా చెల్లి. రెండు నిమిషాలే కదా అని వెళ్లాను. ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు గుర్తు కూడా లేదు, మాస్కుల గురించో మామిడికాయ ఊరగాయ గురించో. దభీమని చప్పుడయింది. పెద్ద చప్పుడేం కాదు, తడి నేల మీద కొబ్బరికాయ పడ్డట్టు.

పరిగెత్తుకొచ్చేసరికి జాకీ పక్కకి ఒరిగిపోయి, అడుగు మట్టిలో కూరుకుపోయి ఉంది. కారు మూల దిమ్మ మీద ఆని ఉంది. ఈయన కాళ్లు కదలడం లేదు. "ఏవండీ!" అన్నాను. పలుకు లేదు. మళ్లీ అన్నాను. లేదు. ఆ కాసేపట్లో నాకు వినబడింది ఒక్కటే, నాన్న గొంతు: పలక్కపోతే కేకెయ్యి. వేశాను. పక్కింటివాళ్లు, ఎదురింటి కుర్రాళ్లు, దారిన పోయే పాల మనిషి అందరూ వచ్చారు. అప్పుడు కిందనుంచి సన్నగా, "ఉన్నానే... ఉన్నాను" అని వినబడింది.

కాళ్లు పట్టుకుని లాగబోయారు కుర్రాళ్లు. పాల మనిషి వద్దన్నాడు. ముందు జాకీ కింద వెడల్పాటి పలక వేసి, మళ్లీ కారెత్తి, రెండో దిమ్మ కూడా పెట్టాక అప్పుడు మెల్లిగా బయటికి జరిపారు. దెబ్బలేం తగల్లేదు. మనిషి మాత్రం కొయ్యబారిపోయారు. తెల్ల బనీను మీద, సరిగ్గా గుండెల దగ్గర, అడ్డంగా నల్లటి గ్రీజు గీత. కారు అంతదాకా వచ్చి ఆగింది. ఆ పది అంగుళాల తుమ్మ చేవ లేకపోతే ఆ గీత ఎక్కడికి దిగేదో నేను ఇప్పటికీ పూర్తిగా ఊహించుకోను.

"ఎందుకు పలకలేదు?" అని రాత్రి అడిగితే, "పలికాననే అనుకున్నానే" అన్నారు. భయానికే గొంతు పెగల్లేదు. బరువే పడి ఉంటే?

ఆ ఏడే వాకిట్లో ఒక మూల కాంక్రీటు గచ్చు వేయించాం. రాజమండ్రి వెళ్లి, ఎత్తు మార్చుకునే ఇనప స్టాండ్లు రెండు కొనుక్కొచ్చారు. కారు రిపేర్లు మాత్రం మానలేదు. నేను మానమనీ అనలేదు. అదొక సరదా, ఒక తృప్తి. కానీ మా ఇంట్లో ఇప్పుడు కొన్ని కట్టుబాట్లున్నాయి.

మట్టి మీద, వాలు మీద బండి ఎత్తకూడదు. చేతి బ్రేకు చాలా కార్లలో వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక భాగం ఎత్తామంటే ఆ బ్రేకు పట్టుకోవడానికి నేలే ఉండదు. అందుకని నేల మీదున్న చక్రాలకి ముందూ వెనకా అడ్డు రాళ్లో చెక్కలో పెట్టాల్సిందే. కారుతో ఇచ్చే జాకీ రోడ్డు మీద టైరు మార్చుకోవడానికి మాత్రమే. ఆయిలు జాకీ ఎంత ఖరీదైనదైనా, లోపల సీలు కారితే మెల్లిగా దిగిపోతుంది. ఎత్తగానే, కంపెనీవాళ్లు పుస్తకంలో చూపించిన చోట స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదకి దించాలి. కిందకి దూరకముందే బయట నిలబడి కారుని గట్టిగా తోసి చూడాలి. పడేదైతే అప్పుడే పడాలి. విప్పిన చక్రాన్ని పడుకోబెట్టి అంచు కిందకి తోసేస్తే అదొక ఆఖరి ఆసరా. తాళంచెవి కిందకెళ్లే మనిషి జేబులోనే ఉండాలి, పిల్లలు సరదాకి తిప్పుతారు. ఇంజను నడుస్తుండగా కిందకి వెళ్లకూడదు. మూసిన షెడ్డులో అయితే ఆ పొగ వాసన తెలిసేలోపే మనిషిని పడగొడుతుంది. తుప్పు రాలుతుంది కాబట్టి కళ్లకి అద్దాలు. అనుకోనిది జరిగితే 108కి ఫోను చేసి, నలుగురినీ పిలిచి, బండి ఎత్తి నిలబెట్టాకే మనిషిని కదపాలి.

అన్నిటికన్నా ముందు, పక్కన ఒక మనిషి. ఫోను మోగినా లేవని మనిషి. లేవక తప్పకపోతే, కింద ఉన్నవాళ్లని బయటికి రమ్మని, వచ్చాకే లేవాలి.

ఇదంతా కనుమ సాయంత్రం మా అల్లుడు గారికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. తర్వాత వెళ్లి ఆ ఇటుకల్లో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. అందులో అడ్డంగా సన్నటి చీలిక. అది ముందునుంచే ఉందో, కారు ఆనాక వచ్చిందో నాకు తెలియదు. అతను మాత్రం నాతో మరేమీ అనలేదు, మర్నాడు మెకానిక్కు వచ్చేదాకా కారు జోలికెళ్లలేదు.

మొన్నామధ్య మా చెల్లి కూతురు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, ఈయన స్టాండ్లు కొన్నారు. ఆదివారం కారు కిందకి దూరి, నన్ను కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టారు. పదిహేడో ఎక్కం చెప్పమంటే ఆయనకి రాదంట, నాకూ రాదు" అని నవ్వింది.

"తప్పులు చెప్పుకోండమ్మా, ఫర్వాలేదు" అన్నాను. "మాట ఆగకుండా ఉంటే చాలు."