సముద్రం కనిపించే గది

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారి ఎంత అందమైనదో చూసినవారికి చెప్పనక్కరలేదు. చూడనివారికి చెప్పినా లాభం లేదు. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, నడుమ రోడ్డు. రుషికొండ దాటి, తొట్లకొండ కిందుగా, ఎర్రమట్టి దిబ్బల పక్కగా సాగి సాగి, గోస్తనీ నది సముద్రంలో కలిసే ఊరికి చేరుతుంది. ఆ దారిలోనే ఈమధ్య ఒక కొత్త రిసార్టు వెలిసింది. పేరు చెప్పను. చెబితే పొగిడినట్టో, తిట్టినట్టో అవుతుంది. నేను రెండు పనులూ కొంచెం కొంచెం చేయబోతున్నాను గనుక, ఊరు చెప్పి పేరు దాచడమే మర్యాద.

కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాడు రోజుకు పద్నాలుగు వేల అద్దె, దానిమీద నూటికి పద్దెనిమిది చొప్పున పన్ను ఇచ్చి అలాంటి చోట దిగుతాడని మీరు అనుకోరు గదా! మా పెళ్ళయి ఇరవై ఏళ్ళయిన సందర్భంలో మా బావమరిది చదివించిన కానుక అది. రెండు రాత్రులు, మూడు పగళ్ళు. "బావగారూ, మీరు కాదంటే నా డబ్బు తిరిగి రాదు" అన్నాడు. ఆ మాటతో మా ఆవిడ నోరు తెరవకుండానే తీర్మానం ఆమోదం పొందింది. ఇంటర్మీడియటు చదివే మా అమ్మాయి ఫోనులో ఆ రిసార్టు ఫొటోలన్నీ అప్పటికే బట్టీ పట్టింది. మా అమ్మ మాత్రం ఒకే ఒక ప్రశ్న వేసింది.

"సముద్రం దగ్గిరేనా?"

ఈ ప్రశ్నకు కొంచెం వెనక కథ ఉంది. మా అమ్మ పుట్టింది భీమిలిలో. తాతయ్య అక్కడ బడిపంతులు. పందొమ్మిదో ఏట పెళ్ళయి ఖమ్మం వచ్చింది. యాభై ఏళ్ళు దాటినా ఆవిడ నోట్లోంచి 'ఏటి' పోలేదు, ఆవిడ ముక్కులోంచి ఉప్పుగాలి పోలేదు. అక్కడ మిగిలిన మా మేనమామ కూడా పోయాక ఆ ఊరితో రాకపోకలు తెగిపోయాయి. పన్నెండేళ్ళయింది ఆవిడ సముద్రం చూసి. ఇప్పుడు డెబ్బై రెండు. మోకాళ్ళు మాట వినడం లేదు. "ఒక్కసారి ఆ నీళ్ళలో కాళ్ళు పెడితే చాలురా" అని ఏడాదికి రెండుసార్లయినా అంటుంది. నేను "వెళ్దాంలే" అంటూ ఉంటాను. కొడుకులందరూ అనే మాటే అది.

సంక్రాంతి సెలవుల చివర బయలుదేరాం. రిసార్టు గుమ్మంలో అడుగు పెట్టగానే ఒక అమ్మాయి మా మెడల్లో గవ్వల దండలు వేసింది, ఇంకొక అమ్మాయి నిమ్మగడ్డి వేసి కాచిన చల్లటి నీళ్ళు ఇచ్చింది. మా అమ్మ దండ తీసి గవ్వలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, "ఇవి ఇక్కడి గవ్వలు కావే" అని మనమరాలి చెవిలో చెప్పింది.

గది సంగతి చెప్పాలి. మూడో అంతస్తు. ఒక గోడ పూర్తిగా అద్దం. ఆ అద్దం నిండా సముద్రం. అబద్ధమాడను, తలుపు తెరవగానే నలుగురం నోట మాట లేకుండా నిలబడ్డాం. పరుపులు మేఘాలు. స్నానాలగది మా ఇంటి వంటింటికి రెట్టింపు. కాని, కాసేపటికి ఏదో వెలితిగా తోచింది. ఏమిటా అని చూస్తే, చప్పుడు లేదు! అలలు లేస్తున్నాయి, విరుగుతున్నాయి, నురగ కక్కుతున్నాయి. మూకీ సినిమాలా ఒక్క ధ్వనీ లేదు. సరే, అద్దం తలుపు పక్కకు జరిపాను. హోరు లోపలికి వచ్చింది, ఆ క్షణమే చల్లదనం ఆగిపోయింది. ఆ తలుపు తెరిస్తే ఏసీ దానంతటదే ఆగిపోయే ఏర్పాటట. కరెంటు పొదుపు. న్యాయమే. కాని సముద్రం వినాలంటే చల్లదనం వదులుకోవాలి, చల్లగా ఉండాలంటే సముద్రాన్ని చెవిటిదాన్ని చేయాలి. అమ్మాయి చల్లదనం అంది. అమ్మ చప్పుడు అంది. నేను రాజీ కుదిర్చాను: రాత్రి పది దాకా అమ్మది, తరవాత అమ్మాయిది.

ఇంతకూ ఆ గదికి తోటవైపు గదికంటే రోజుకు మూడు వేలు ఎక్కువ. సముద్రం కనిపిస్తుంది గనుక!

బల్లమీద ఒక నున్నటి కాగితాల పుస్తకం పెట్టారు. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలని పిల్లలకు ఏటా చెబుతాను. సముద్రం, శైలం, సూర్యోదయం, చంద్రోదయం, ఉద్యానవనం, జలక్రీడ, మధుపానం, లెక్కపెడితే ఏడు ఆ పుస్తకంలోనే ఉన్నాయి. పెళ్ళిళ్ళు కూడా జరిపిస్తామని చివరి పేజీలో ఉంది, ఎనిమిది. నాయకుడికి మాత్రం చేతిలో డబ్బుండాలి. ఇక జలక్రీడ అంటే సముద్రంలో అనుకునేరు. సముద్రానికి వంద గజాల ఇవతల నీలిరంగు పలకలు పరిచిన కొలను ఉంది. మా అమ్మాయితో సహా అందరూ అందులోనే. సముద్రంలో మనిషన్నవాడు లేడు.

రాత్రి భోజనాలకు కిందికి దిగాం. బంగాళాఖాతం మీదినుంచి గాలి కొడుతున్న వరండా, తెల్లటి బల్లగుడ్డలు, గాజుబుడ్డిలో దీపం. మా ఆవిడ చీరకొంగు సర్దుకుని దొరసానిలా కూర్చుంది. ఆ క్షణంలో మా బావమరిదిమీద నాకు నిజంగానే కృతజ్ఞత కలిగింది. వడ్డించడానికి వచ్చిన కుర్రవాడికి ఇరవై రెండేళ్ళుంటాయి. మెడకు విల్లుకట్టు, నోట్లో ఇంగ్లీషు. అమ్మ భోజన పట్టిక పక్కన పెట్టి నేరుగా అడిగింది.

"చేప ఏం చేప బాబూ?"

"బాసా, మేడమ్."

"అదేటి? కోనెం లేదా?" (మీరు వంజరం అంటారు, మా అమ్మ కోనెం అంటుంది.) "చందువ? పోనీ కానాగంతలు?"

కుర్రవాడి ఇంగ్లీషు ఒక్కసారిగా జారిపోయింది. అటూ ఇటూ చూసి, "నేదు మామ్మగారూ. ఇది కొల్లేరు సైడు సెరువుల్నించి వస్తాది. అయిసులో ఎట్టి పంపుతారు" అన్నాడు.

మేమందరం నవ్వాం, తనూ నవ్వాడు. బాసా అన్నది వియత్నాం వైపు మెకాంగు నది చేపల జాతి. మన కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో విస్తారంగా పెంచుతున్నారు. పాదాల దగ్గర సముద్రం ఘోషిస్తుంటే ఎక్కడో చెరువులో పెరిగిన చేప బల్లమీదికి వస్తోంది! తరవాత వంటల పెద్దాయన ఎదురైతే ఈ మాటే అడిగాను. ఆయన చెప్పింది కొట్టిపారేయడానికి వీల్లేదు. సముద్రం చేప రోజూ ఒకేలా దొరకదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు తూర్పు తీరమంతటా మరపడవల వేట నిషేధం. వచ్చే అతిథులకు ముల్లు ఉండకూడదు, వాసన ఉండకూడదు, ప్రతి ముక్కా ఒకే కొలత ఉండాలి. "సముద్రం వాసన వస్తే ప్లేటు వెనక్కి పంపేస్తారండీ" అన్నాడు పాపం. ముల్లులేని ఆ చేప మా ఆవిడకు నచ్చింది. అమ్మ రెండు ముక్కలు తిని పెరుగన్నం అడిగింది.

తిరిగి వస్తూ సముద్రం వైపు గేటు దగ్గర ఆగాం. తాళం. కాపలా మనిషి మర్యాదగానే చెప్పాడు: ఉదయం ఏడు నుంచి సాయంత్రం అయిదున్నర దాకా తీస్తారు, ఒడ్డున నడవవచ్చు, నీళ్ళలో దిగనివ్వరు. ఎర్రజెండా కూడా చూపించాడు. ఆ జాగ్రత్తను తప్పుపట్టను. మన తూర్పు తీరంలో అల కాలికింద ఇసుకను లాక్కుపోతుంది, ఈతవచ్చినవాణ్ణి కూడా లోపలికి ఈడ్చుకుపోతుంది. కాని అమ్మ గేటు కమ్మీ పట్టుకుని చీకట్లో తెల్లగా విరుగుతున్న అలలవైపు చూస్తూ నిలబడ్డ తీరు నాకు బాధ కలిగించింది. "చిన్నప్పుడు దీనికి గేటు లేదురా" అంది. అంతే.

మా వెనకే ఎంగిలిపళ్ళేలు తీసుకుపోతున్న ఆ కుర్రవాడు విన్నాడు. "మాది పక్క పేటేనండి. గోడ పక్కనుంచి దారుంది. తెల్లారి మా నాన్నోళ్ళ తెప్ప వస్తాది. మామ్మగారిని తీసుకురండి" అన్నాడు మెల్లగా.

ఆ దారి సంగతి తరవాత తెలుసుకున్నాను. సముద్రతీరంలో పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా ఏం కట్టాలన్నా నియమాలుండాలని కేంద్ర ప్రభుత్వం 1991లో ఉత్తరువు తెచ్చింది. 2011లో, 2019లో దాన్ని మార్చింది. 2011 ఉత్తరువు ప్రకారం, పక్కపక్కనున్న రెండు రిసార్టుల మధ్య జనం సముద్రానికి వెళ్ళడానికి కనీసం ఇరవై మీటర్ల జాగా వదలాలి. మా రిసార్టువారు వదిలారు. దానివైపు ఒక్క కిటికీ కూడా లేదు. అది వేరే సంగతి.

మర్నాడు తెల్లవారుజామున మా ఆవిణ్ణీ అమ్మాయినీ నిద్రలో వదిలేసి, అమ్మా నేనూ పెద్దగేటు దాటి, ఆటో ఎక్కి, చుట్టూ తిరిగి ఆ సందు మొదట్లో దిగాం. ఒక చేయి నా భుజంమీద, ఒక చేయి గోడమీద వేసుకుని అమ్మ నడిచింది. గోడ అవతల పచ్చగడ్డికి నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు. ఇవతల ఇసుక, ఎండుచేపల వాసన, తాటాకు పాక, ఫైబరు తెప్పలు. తూర్పున అప్పుడే ఎరుపు తేరుతోంది.

ఆవిడ ఏమీ మాట్లాడలేదు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, నా మణికట్టు గట్టిగా పట్టుకుని, తడి ఇసుకలో నిలబడింది. మొదటి అల చీలమండల దాకా వచ్చింది. రెండోది మోకాళ్ళ దాకా వచ్చి వెనక్కు లాగింది. ఆవిడ ఊగింది, నేను పట్టుకున్నాను. వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, నెత్తిన చల్లుకుంది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. నా పంట్లాం నడుముదాకా తడిసిపోయింది.

ఈలోగా తెప్పలు ఒడ్డెక్కాయి. ఇసుకలోనే పాట మొదలైంది. పెద్ద చేపలు క్షణాల్లో ఐసుపెట్టెల్లోకి వెళ్ళిపోయాయి, హార్బరు వ్యాపారులు పాడుకున్నారట. మిగిలిన కానాగంతల కుప్ప దగ్గర అమ్మ చతికిలబడి బేరం మొదలుపెట్టింది. మొప్పలు ఎత్తి చూడడం, బొటనవేలితో నొక్కడం, "ఇది నిన్నటిది, నాకు చెప్పకు" అనడం! ఖమ్మంలో కూరలవాడి దగ్గర కూడా నోరెత్తని మనిషి. అవతల కూర్చున్నది ఆ కుర్రవాడి తల్లి. బేరం తెగాక, "వండుకోటానికి గది ఉందా మీకు? నేను వండి పెడతాను, మూడొందలియ్యండి" అంది. మొహమాటం లేకుండా డబ్బడగడం నాకు నచ్చింది.

పాక ముందు నులకమంచం మీద కూర్చుని నేనొక అడ్డగోలు ప్రశ్న వేశాను. రిసార్టు వచ్చి మీకు ఇబ్బందిగా ఉందా అని. పుస్తకాలు చదివినవాడు అడిగే ప్రశ్న. ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ అంది: "ఆ గడ్డున్నకాడే మేం వలలు ఎండేసీవోళ్ళం బాబూ. ఇప్పుడు రోడ్డుమీద ఏస్తన్నాం." కాసేపాగి, "సముద్రంమీదకి ఎల్లినోడి కోసం ఒడ్డున కూకోటం ఏటో నాకు ఎరికే. హుద్‌హుద్ తుపాను నాడు ఈ ఇసకలోనే ఏడ్సినాను. మా గుంటడు ఏసీలో నిలబడి పళ్ళేలు మోస్తన్నాడు. సాలు నాకు" అంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. మేము ఖమ్మంలో టీవీలో చూశాం.

దానికి నా దగ్గర జవాబు లేదు. గోడ అవతల గడ్డి ఆమెకు వల ఎండబెట్టే జాగా పోయిన చోటు, కొడుకు బతికి ఉండే చోటూను. ఏది ఎక్కువో తూచి చెప్పడానికి నేనెవణ్ణి? పులుసు వచ్చింది. సత్తుపళ్ళెంలో వేడి అన్నం, ఎర్రగా పులుసు, ముళ్ళతో సహా చేప. అమ్మ ముళ్ళు ఏరుతూ, నాకు చిన్నప్పుడు పెట్టినట్టు, చేప పొట్టముక్క నా పళ్ళెంలో వేసింది.

తొమ్మిదిన్నరకు తడిబట్టలతో, చేపల వాసనతో రిసార్టు పాలరాతి గచ్చుమీద అడుగుపెడితే గవ్వల దండల అమ్మాయి ఒక అడుగు వెనక్కు వేసింది. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "అద్దెలో కలిసి ఉన్న టిఫిన్లండీ! రెండు దండగ చేశారు. పెసరట్టు ఎంత బాగుందో తెలుసా?" అంది. తరవాత అత్తగారి ముఖం చూసి, ఇంకేమీ అనకుండా, ఆవిడ పాదాల ఇసుక తువ్వాలుతో తుడిచింది.

మూడోనాడు గది ఖాళీ చేశాం. గదికి తెప్పించుకున్న రెండు టీలకు ఏడు వందలు, దానిమీద పన్ను. పద్దు కట్టి సామాను కారెక్కిస్తుంటే ఆ కుర్రవాడు మళ్ళీ విల్లుకట్టుతో, ఇంగ్లీషుతో వచ్చి, మేం ఎలా గడిపామో ఒక కాగితంమీద రాయమన్నాడు. మా అమ్మాయి అన్నిటికీ అయిదు చుక్కలు పెట్టింది. అమ్మ కారులోంచి చేయి చాపి వాడి చేతిలో వందనోటు పెట్టి అంది: "మీ అమ్మకి చెప్పు నాయనా, పులుసులో ఇంకాస్త చింతపండు పడాలి."