ఏటివైపు జామచెట్టు

లంక బొమ్మ వేయాలంటే ముందు కలపాల్సింది ఆకుపచ్చ కాదు, ఒండ్రు రంగు. ఎల్లో ఆకర్‌లో కాస్త బర్న్ట్ అంబర్, చివర్న ఆవగింజంత నీలం. కృష్ణలో కొత్తనీటి రంగు అదే. వరద తీశాక అరటితోటలో మిగిలే మేట రంగు అదే, అమ్మమ్మ అలికిన అరుగు రంగూ అదే. అది కుదిరిందా, తక్కిన తోటంతా దాని మీదే మొలుస్తుంది.

కొల్లూరు దగ్గర కరకట్ట దిగి పాయ దాటితే అమ్మమ్మవాళ్ల ఊరు. పెసర్లంక, చింతర్లంక, సుగ్గునలంక, పోతార్లంక... ఆ వరుసలో ఒకటి. అరటి, పసుపు, కంద. ఇంటి వెనక పెరడు, పెరడు వెనక తోట, తోట వెనక ఏరు. మధ్యలో ఎక్కడా కంచె ఉన్నట్టు గుర్తులేదు. అందుకే బొమ్మలోనూ గీత గీయలేదు. కాగితం తడిపి, పసుపాకు రంగును అరటాకు రంగులోకి, దాన్ని ఏటి రంగులోకి పాకనిచ్చాను.

నీటిరంగుల్లో తెలుపు వేయరు, వదులుతారు. వెల్ల వేసిన గోడను కాగితానికే వదిలేశాను. ఆ గోడ మీద మోకాలెత్తున పాత వరద మట్టు ఉండేది. దానికి కుంచెను గుడ్డతో తుడిచి, ఒక్క లాగు లాగాలి. పై అంచు పదునుగా తేలాలి, కింది అంచు మసకబారి గోడలో కలిసిపోవాలి. ఇల్లు మొత్తం ఒకెత్తు, ఆ మట్టు ఒకెత్తు. లంకలో ఇల్లన్నాక అది లేకుండా ఎలా?

తెనాలి దగ్గర తుమ్మపూడి సంజీవదేవ్ (1914–1999) హిమాలయాలు తిరిగి, కులూలో చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ దగ్గర గడిపి, తిరిగొచ్చి సొంత ఊళ్లోనే రాసుకుంటూ, బొమ్మలు వేసుకుంటూ బతికారు. ఆయనకు పుట్టిన ఊరు కళ్లెదుటే ఉంది. చిత్రకారుడు షాగాల్‌కి ఆ భాగ్యం లేదు. పారిస్‌లో ఉన్నా, మరెక్కడున్నా తన ఊరు వీటెబ్స్క్ ఇళ్లను తలచుకునే వేశాడు. తెనాలిలో డాబా మీద కూర్చుని వేసే నాదీ షాగాల్ దారే. నా బొమ్మలో నూతి గిలక తలుపంత ఉంటుంది. కిందినుంచి తలెత్తి చూసిన పిల్లాడి కొలత అది. దాన్ని తగ్గించను.

వెళ్లి చూసుకుందామన్నా మా పెరట్లో ఏటివైపు భాగం కోతకు పోయింది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటితే అంతకు మించి రాదనుకున్నాం. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చింది. అన్ని నీళ్లు ఒరుసుకుపోయే చోట గట్టు నిన్నటి చోటే ఉండాలనడం అత్యాశే.

బొమ్మ పూర్తయ్యాక ముందుగా రేపల్లెలో మామయ్యకు చూపించాను. చాలాసేపు చూసి, మట్టు మీద వేలు పెట్టి, “ఇంకో జానెడు పైకి ఉండాల్రా” అన్నాడు. అది ఆయన ఎత్తు నుంచి చూసిన గోడ. బాపట్లలో చెల్లెలు మట్టు సంగతి పట్టించుకోలేదు. “అన్నయ్యా, జామచెట్టు నూతి దగ్గర పెట్టావేంటి? ఏటివైపు కదా ఉండేది. కొమ్మెక్కితే పడవలు కనిపించేవి” అంది. నాకు నూతి పళ్లెంలో రాలిన జామపూలు కనిపిస్తున్నాయి, దానికి పడవలు కనిపిస్తున్నాయి. తేల్చి చెప్పడానికి అమ్మమ్మ లేదు, ఆ నేలా లేదు. నా చెట్టు నూతి దగ్గరే ఉంటుంది. చెల్లెలి కోసం వేరే కాగితం తడిపాను. అందులో జామచెట్టు ఏటివైపు, కొమ్మల్లోంచి రెండు తెరచాపలు.