గల్లీలో నేర్చిన గేజి, లేహ్ చలిలో

మే నెల మధ్యాహ్నం కామాటిపుర గల్లీల్లో నడిచినోళ్ళకు తెలుసు, పైనుంచి ఎండ, పక్కనుంచి ఏసీ డబ్బాల సెగ. కట్టుబడి పనులకు వచ్చిన మన కామాటోళ్ళ పేరు మోసే ఈ గల్లీల్లోనే మా మేనమామకు ఫ్రిజ్ రిపేరు దుకాణం ఉండేది. 1982 జనవరి 18న సమ్మె మొదలయ్యేదాకా ఆయన మిల్లులో హ్యుమిడిఫికేషన్ ప్లాంటు చూసేటోడు. దారం తెగకుండా సాంచాల ఖాతాలో తేమ నిలబెట్టే పని. ఆయనకు మిల్లు గేటు మళ్ళీ తెరుచుకోలేదు. గేజి చదివే విద్య మాత్రం మిగిలింది. దాన్ని నాకు నేర్పిండు.

బొంబాయిలో మా పనంటే వేడితో కొట్లాటే. చాళ్ గ్యాలరీలో ఔట్‌డోర్ యూనిట్ ముందు గోనెలు, డబ్బాలు పేరిస్తే గాలి ఆడక ప్రెషర్ పెరుగుతది, కంప్రెసర్ ట్రిప్ అవుతది. అడ్డం తీసి, దుమ్ము కడిగితే సగం రోగం పోతది.

ఇరవై ఏళ్ళ కింద ఒక జనవరిలో, మందుల గోదాము కోల్డ్ రూమ్ పని మీద నన్ను లేహ్‌కు పంపిన్రు. చలికాలం రోడ్డు మంచుతో మూసుకుంటది కాబట్టి ఢిల్లీ నుంచి విమానంలో పోయిన. పదకొండున్నర వేల అడుగుల ఎత్తు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రాత్రి సున్నాకు కింద 15 డిగ్రీలు.

"అంత చలిల ఫ్రిజ్ ఎందుకు బిడ్డా?" అని మా అమ్మ అడిగింది. గోదాములో మనుషుల కోసం బుఖారీ పొయ్యి మండుతది. ఆ వేడికి మందు పాడైతది. బయట పెడితే గడ్డకడతది. ఇన్సులిన్, టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలె. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు.

డాబా మీద యూనిట్ రెండు నిమిషాలు నడిచి ఆగిపోతున్నది. బొంబాయి ఎండలో ఇదే ఆర్-134ఏ గ్యాసు 160 పౌండ్ల ప్రెషర్ చూపేది, ఇక్కడ 30 కూడా లేదు. గ్యాసు తక్కువైందనుకుని కొంత ఎక్కించిన. ఫలితం లేదు. లోపల 8 డిగ్రీలు దాటుతున్నది. చేతులు వణికినయి, చలికి కాదు. బజారులో ఎస్టీడీ బూత్‌కు ఉరికిన.

"గ్యాసు ఆపు రా అల్లుడా. బయట గాలి ఎట్లుంది?"

"కోస్తున్నది మామా."

"ఫ్యాను?"

"తిరుగుతనే ఉంది."

"అదే రోగం. ఇక్కడ గాలి ఆడక చస్తది, అక్కడ గాలి ఎక్కువై చస్తున్నది. అడ్డం పెట్టు."

అప్పుడు అర్థమైంది. గ్యాసును కండెన్సర్ నుంచి లోపలి కాయిల్‌కు నెట్టేది ప్రెషరే. బయటి చలికి ఆ ప్రెషర్ పడిపోతే కాయిల్‌కు గ్యాసు అందదు, కట్ అవుట్ పడుతది. గ్యాసు తక్కువైనప్పుడూ గేజి ఇట్లనే కనపడుతది. అక్కడే నేను మోసపోయిన.

గాలి వచ్చే దిక్కు ప్లైవుడ్ నిలబెట్టి, కండెన్సర్ ముప్పావు భాగం అట్టతో మూసిన. ప్రెషర్ 100కు లేచింది. సాయంత్రానికి లోపల 5 డిగ్రీలు. ఒక్క డబ్బా మందు పారేయలేదు.

మామ ఇంకో మాట చెప్పిండు. ఆగిన కంప్రెసర్ చలికి చల్లబడితే గ్యాసు ద్రవమై అడుగు నూనెలో చేరుతది. అట్లనే స్టార్ట్ చేస్తే వాల్వులు విరుగుతయి. అందుకే అడుగుకు హీటర్ పట్టీ కట్టి, ముందురోజే వేసి ఉంచాలె. అది, ప్రెషర్‌ను బట్టి ఫ్యాన్‌ను ఆపి నడిపే స్విచ్, రెండూ ఢిల్లీ నుంచి తెప్పించి బిగించినంకనే అట్ట తీసి బయలుదేరిన.

దుకాణంలో అడుగుపెట్టంగనే, మంచినీళ్ళు కూడా ఇయ్యకముందే మామ అడిగిండు: "ఎక్కువ ఎక్కించిన గ్యాసు తీసినవా?"

"తీసిన మామా."

"మంచిది. చలికాలంల నువ్వు చేసిన తప్పు, ఎండాకాలం ఆ యూనిట్ ముందు కూసునేటోని మీద పడుతది."

ఇప్పుడు మన పిల్లలు కెనడా దాకా ఈ పని మీద పోతున్నరు. గ్యాసు సిలిండర్ తెరిచేముందు ఒక్కసారి బయట గాలి ఎట్లుందో చూడున్రి.